డబ్బాలో లేని గడప

మా నాయనమ్మ పాలు పోయించుకునేటప్పుడు చెంబులో వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని చూసేది. ఆ పాలు మా బర్రెవే, పిండింది మా పెద్దనాయినే. అయినా సరే, చూడనిదే ఆమెకు నిద్ర పట్టదు. నా ముక్కు నాయిన పోలిక అనేవాళ్లు, గుణం మాత్రం నాయనమ్మదే వచ్చింది.

అప్పటికి కొత్త పైసలు రాలేదు. మా ఊరు లక్డారం చుట్టూ జొన్న చేలే తప్ప ఫ్యాక్టరీ గోడలు లేవు. మా నాయిన సంగారెడ్డి కచ్చేరిలో పని చేస్తూ వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఒకసారి వస్తూ వస్తూ పటాన్‌చెరు బజారులో నాకొక అట్టడబ్బా కొని తెచ్చాడు. లోపలంతా రంగులేసిన చెక్క ఇటుకలు. మూత మీద ఒక దొరల ఇల్లు, దాని నెత్తిన గొట్టం, గొట్టంలోంచి పొగ.

పెద్దమ్మ డబ్బా వైపు చూసి, "మీ నాయినకు నువ్వొక్కదానివే కనబడ్తవా ఏందే?" అంది. పెద్దనాయినవాళ్లూ మేమూ ఒకే పొయ్యి మీద వండుకు తినే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో ఒక్క పిల్లకే వచ్చిన వస్తువు ముల్లులా గుచ్చుకుంటుందని నాకప్పుడు తెలియదు. ఆ రోజు మా అమ్మ తల వంచుకుని రొట్టెలు కొడుతూనే ఉండిపోయింది.

వాకిట్లో కూర్చుని మొదటి ఇల్లు కట్టాను. రెండు గోడల మధ్య సందు వదిలి, దాన్నే దర్వాజా అనుకున్నాను. నాయనమ్మ వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"గడపేది? గడప లేంది ఇల్లెట్లయితదే? గిది గొడ్ల కొట్టం."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. డబ్బా బోర్లించి వెతికాను. పొడుగువి ఉన్నాయి, చదరపువి ఉన్నాయి, మూడు మూలలవి ఉన్నాయి, కమాను కూడా ఉంది. గడప లేదు. మూత మీద బొమ్మలో మాత్రం తలుపు కింద నల్లగా ఒక గీత ఉంది. అంటే ఆ ముక్క డబ్బాలో వచ్చే ఉంటుంది. వచ్చిందంటే ఎవరో తీసే ఉంటారు.

పెద్దమ్మను అడిగాను. "నీ కట్టె ముక్కలు నాకెందుకే!" అని కస్సుమంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అనిపించింది. ఆమె లేనప్పుడు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి కూడా చూశాను.

అక్కడ దొరకకపోయేసరికి అనుమానం దుకాణం మీదికి పోయింది. తర్వాతి అంగడికి నాయినతో పటాన్‌చెరు పోయాను. తెల్ల గడ్డం సాహెబు నేను చెప్పిందంతా విని పడీ పడీ నవ్వాడు.

"అసొంటి ముక్క ఏ డబ్బల రాదు బేటీ. కంపెనోడు ఇంకా తయారే చెయ్యలె. చేసిండంటే పహెలే నీకే పంపిస్త."

ఆ నవ్వు నాకు నచ్చలేదు. తీసి దాచుకున్నవాడే అలా నవ్వుతాడనుకున్నాను. కానీ బండిలో తిరిగొస్తుంటే ఆయనన్న మాట వదల్లేదు. ఇంకా తయారే కాని ముక్క! అలాంటివి ఇంకా ఏమేం ఉండాలో ఆలోచించుకుంటూ వచ్చాను. కూర్చోవడానికి అరుగు ముక్క. బావికి ఒర కట్టేందుకు వంపు తిరిగిన ముక్క. దీపం పెట్టుకునే గూడున్న ముక్క. ఆ చేసేవాడెవడో మా ఊరి ఇల్లు ఎన్నడూ చూడలేదని అర్థమై, వాడి మీద మండిపోయింది.

వానలకు ముందు నాగళ్లు సరిచేయడానికి వడ్రంగం చేసే వడ్ల తాత మా వాకిట్లోకి వచ్చాడు. కొలతకని ఒక ఇటుక ఆయన చేతిలో పెట్టి నా కోరిక చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత పనిలో పడి నవ్వు మరిచిపోయాడు. వేప చెక్కతో బెత్తెడు దర్వాజా తయారైంది. రెండు నిలువు కమ్ములు, పైన అడ్డకమ్మి, కింద గడప. గడప మీద రెండు పువ్వులు చెక్కాడు.

"జెర పసుపు, కుంకుమ పట్కరా. గడప ఎంత చిన్నదైనా గడపే బిడ్డా. బోడిగ ఇయ్యద్దు."

పసుపు పూసి, బొట్లు పెట్టి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. పెద్దమ్మ పిల్లల కంట పడకూడదని దాన్ని మా అమ్మ సందుగలో, చీరల అడుగున దాచాను.

నాయనమ్మ ఏదో ఒక వంకతో కోడళ్ల సందుగలు తెరుస్తుండేదని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఒకనాడు ఆ వంక కర్పూరం. కర్పూరం దొరకలేదు, గడప దొరికింది.

మా ఊళ్లో కొత్త ఇల్లు కట్టేవాళ్లకు వడ్ల తాత ముందుగా చిన్న చెక్క మీద చెక్కుడు పని చూపించేవాడు. అది నచ్చితేనే అసలు దర్వాజా. అందుకని నాయనమ్మకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. చిన్న కోడలు వేరు పడుతోంది, నమూనా ఖాయమైంది, పసుపు కూడా పెట్టేశారు అని తేల్చేసుకుంది.

"నేను సచ్చినంక పడుండ్రి వేరు! నా కండ్ల ముందటనే గడప ఎత్తుతరా?" అని వాకిట్లో కూలబడింది. పెద్దమ్మ గోడకానుకుని, "నిప్పు లేంది పొగ రాదు" అంది. సంగారెడ్డి నుంచి అప్పుడే దిగిన నాయిన కాళ్లు కూడా కడుక్కోకుండా నిలబడిపోయాడు.

"నాకేం తెల్వదు అత్తా, మీ కాళ్లు మొక్కుత" అంది అమ్మ.

"అది నాది!" అని అరిచాను. "పిల్లకు గుడ నేర్పి పెట్టింది" అంది నాయనమ్మ.

ఇక లాభం లేదని డబ్బా తెచ్చి అందరి ముందూ కుమ్మరించాను. ఏడుస్తూనే గోడలు లేపాను. నాయనమ్మ చేతిలోంచి దర్వాజా లాక్కుని సందులో పెట్టాను. కొలిచి చేసింది కదా, కదలకుండా కూర్చుంది. నాయనమ్మ వంగి అటూ ఇటూ చూసింది, వేలితో నెట్టి చూసింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగాను! నేనన్న మాటకే చేపిచ్చినవా?" అని నవ్వేసింది. నాయిన కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. పెద్దమ్మ ముఖం చిన్నబుచ్చుకుని లోపలికెళ్లింది.

అందరూ పోయాక అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. నా ఇంటి దగ్గర ఆగింది. వంటింటి వైపు చూసింది, పెద్దమ్మ అర్ర వైపు చూసింది. తర్వాత చీపురు పక్కన పెట్టి గొంతుక్కూర్చుంది. నేను వేసిన ఒక గోడ తీసి ఇంకోచోట పెట్టింది.

"పొయ్యి ఈ మూలకుండాలె. గీడైతే పొగ ఇంట్లకు రాదు" అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. వెనక గోడలో ఒక ఇటుక జరిపి సందు చేసి, దాని వైపే చూస్తూ కూర్చుంది.

"పెరట్లకు దర్వాజ లేదు గదనే. తాత మల్లొచ్చినప్పుడు ఇంకోటి చెయ్యమను." లేస్తూ లేస్తూ, "నాయనమ్మతోని అనకు" అంది.

నేను అనలేదు. మర్నాడు పొద్దున నాయనమ్మ ఎప్పటిలాగే పాల చెంబులో వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, బాగానే ఉన్నాయని తల ఊపింది. ఎందుకో ఆమె మీద చాలా జాలేసింది. నిన్న ఆమెకొచ్చిన అనుమానం నిజమేనని ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.