కొండ మీద ఎర్ర దుప్పటి

మా నాన్న సర్వీసంతా ఒకే కొండ కడుపులో గడిచింది. కకిరిగుమ్మ దగ్గర సొరంగంలో గ్యాంగ్‌మన్‌గా పట్టాలు చూసుకోవడం ఆయన పని. టార్చి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు తిరగడమే తప్ప, ఆ కొండ నెత్తిన ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. రిటైరయ్యాక ఎక్కుతానన్నాడు గానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

నేనూ రైల్వేలోనే, రాయగడలో సిగ్నల్ విభాగంలో పనిచేస్తాను. రోజూ నడవకపోతే మందుల మోతాదు పెంచుతానని డాక్టరు బెదిరించాడు. కాలనీ గ్రౌండులో గానుగెద్దులా తిరగడం నా వల్ల కాలేదు. మా క్వార్టర్ల వెనక వీధిలో టైలరు షాపు నడిపే ఆవిడను వదినా అని పిలుస్తాను; ఆవిడకు కూడా కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. ఇద్దరం కలిసి కల్యాణసింగ్‌పూర్ వైపు కొండలతో మొదలుపెట్టి, సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో శిఖరం ఎక్కుతూ, ఆగిన చోటు నుంచి మళ్ళీ నడుస్తూ కకిరిగుమ్మ దాకా పోవాలనుకున్నాం. ఆఖరి శిఖరం నాన్న కొండే.

ఈ మాట వినగానే నాన్న ఉషారెత్తిపోయాడు. మేం ఆ కొండ ఎక్కే రోజు తను ముందే రైల్లో వెళ్ళి కకిరిగుమ్మ ప్లాట్‌ఫారం మీద ఉంటాడట. నేను కొండ మీద నిలబడి కనిపించాలట. "నానెక్కకపోతే పోనీలే అమ్మీ. నువ్వక్కడ నిలబడితే నా కళ్ళతో సూడాల" అన్నాడు. ఆ కళ్ళకే అప్పటికి కొత్తగా శుక్లాల ఆపరేషనయింది. డాక్టరు బాగా కనబడుతుందన్నాడు గానీ, ఎంత దూరం కనబడుతుందో మాకెవరికీ తెలియదు.

నడకలో ఎక్కువభాగం కొండ ఊళ్ళ దేశియా ఆడవాళ్ళు సంతకు పోయే దారులే. తల మీద బుట్టలతో, చంకన పిల్లలతో వాళ్ళు మమ్మల్ని దాటి చకచకా పోయేవారు. మేం మాత్రం రాయి కనిపించిన చోటల్లా కూలబడేవాళ్ళం. మేకలు లేవు, కట్టెల మోపు లేదు, ఊరికే పైదాకా ఎందుకెక్కుతున్నారని ఒకామె అడిగితే, వదిన తనకొచ్చిన ఒడియాలో డాక్టరు చెప్పాడంది. ఆమె నవ్వు ఆపుకోలేక బుట్ట దించుకుంది.

వదినతో నాకు తగువంతా ఒక దుప్పటి గురించి. పైకెక్కగానే పరుచుకుని, చోళ్ళ అంబలి తాగి నడుం వాల్చడానికి ఆవిడొక దుప్పటి తెచ్చేది. అది మందారం లాంటి ఎరుపు. రైలు పట్టాలు కనిపించే చోట ఎర్ర గుడ్డ పరిస్తే నాకు ప్రాణం గిలగిల్లాడిపోతుంది. మా ఇంట్లో పిల్లలప్పుడు కూడా మేం ఎర్ర రిబ్బను చేత్తో ఊపుతూ బయట తిరిగితే నాన్న లాగేసుకునేవాడు. ఎరుపంటే బండి ఆగాలి, అంతే. ప్రతి శిఖరం మీదా నేను దుప్పటిని లైను కనిపించని వైపుకు లాగేదాన్ని. వదిన నా పిచ్చి చూసి నవ్వేది.

ఆఖరి కొండ ఎక్కిన రోజు వానలు వెనకబట్టి ఎంతో కాలం కాలేదు. కింద వాలు చేలల్లో పసుపు రంగు వలిసె పూలు విరగబూశాయి, పైన చెట్లు నిగనిగలాడుతున్నాయి. ఆయాసం తీరకుండానే నా సంచిలోంచి ఆకుపచ్చ చీర తీశాను. నాన్నకు చూపించడానికి ఏరికోరి తెచ్చింది. రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాను, వదిన ఫోను నా చెవికి ఆనించింది. అవుపడతన్నానా అని అడిగాను.

"ఆఁ, ఆఁ. బాగా అవుపడతన్నావు" అన్నాడు నాన్న, మరీ తొందరగా.

నాకు అనుమానం వచ్చింది. చీర ఒక చేతిలోకి మార్చుకుని, "ఏ సేత్తో పట్టుకున్నాను సెప్పు నాన్నా?" అన్నాను.

"ఆఁ? ఇనబడతన్లేదే అమ్మీ" అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. పచ్చని కొండ మీద పచ్చని చీర! ఆపరేషన్ కళ్ళకే కాదు, గద్దకు కూడా కనిపించదు. ఎరుపు కూడదని పట్టుబట్టి, సిగ్నల్ మనిషినై ఉండి, ఇంత తెలివైన పని చేశాను. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

వదిన దుప్పటి మడత విప్పింది. నేను వద్దన్నాను. "ఇంతెత్తు కొండ మీద గుడ్డ సూసి రైలాగిపోతాదేటి? మీ నాన్న కన్నా నీకు రూలెక్కువేటి?" అని కసిరింది. అయినా నా చెయ్యి రాలేదు. సరిగ్గా అప్పుడే గూడ్సు కూత వినిపించింది. అది మెలికలు తిరుగుతూ వచ్చి, మా కాళ్ళ కింద కొండలో దూరి, అవతల తేలి, స్టేషను దాటి కనుమరుగయ్యేదాకా ఇద్దరం దుప్పటి మీద కూర్చుని కాపలా కాశాం. ఆ తరవాతే ఫోను స్పీకరులో పెట్టి, ఆ ఎర్ర దుప్పటిని చెరో కొస పట్టుకుని గాల్లోకి ఎత్తాం.

ఫోనులో నాన్న ఊపిరి వినిపించింది.

"సూసేనే అమ్మీ" అన్నాడు చివరికి. "నువ్వు కుడేపున్నావు. ఆ యమ్మ ఎడమేపుంది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తు లేదు. ఇప్పుడేం చేస్తున్నావు నాన్నా, కూర్చున్నావా అని అడిగాను.

"కూకోలేదు. మనసు నిలవక పచార్లు సేస్తన్నాను. ఎర్రది సూసి నిలబడిపోనాను. ఇంక పచ్చది సూపించు, కదుల్తాను."

దుప్పటి దించి, ఆకుపచ్చ చీర మళ్ళీ పైకెత్తాను. పచ్చని చెట్ల ముందు, పచ్చగా.

"ఆఁ, అవుపడింది. బయల్దేరతన్నాను" అన్నాడు నాన్న.

ఈసారి ఏ చేత్తో పట్టుకున్నానో నేను అడగలేదు.