మిరపకాయ దగ్గు

మా వైపు మిరప కోతల కాలంలో దగ్గని మనిషి ఉండడు. అందుకే తొడిమలు తీసే పనికి వెళ్ళే మా ఆవిడ దగ్గుతుంటే ఎవరూ పట్టించుకోలేదు. బుగ్గన బెల్లం ముక్క పెట్టుకోమన్నారు, అంతే.

కాయలు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోయాయి, కల్లాలు ఖాళీ అయ్యాయి. ఆమె దగ్గు మాత్రం పోలేదు. ఒక మధ్యాహ్నం ఆమె పడుకుని ఉంటే ఊపిరిలో సన్నటి ఈల వినిపించింది. వీపుకు చెవి ఆనించి విన్నాను. కుడివైపే ఉంది, ఎడమవైపు లేదు. నేను పదో తరగతి దాటలేదు గానీ, సత్తెనపల్లి గ్రంథాలయంలో ఆరోగ్య పుస్తకాల బీరువా నాకు కొట్టిన పిండి. ఉబ్బసమైతే మామూలుగా రెండువైపులా వినిపిస్తుందని అక్కడే చదివాను.

"పుస్తకాలు అయిపోయి, నా వీపు చదువుతున్నావా?" అంది. అయినా, పెద్ద డాక్టరుకు చూపిద్దామంటే బయల్దేరింది.

గుంటూరులో డాక్టరు గారు స్కాన్ తీయించి, లోపలినుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కుడివైపు శ్వాసనాళంలో శనగగింజంత గడ్డ. అరుదుగా వచ్చే, నెమ్మదిగా పెరిగే క్యాన్సరట. ఆ మాటతో నా చదువంతా ఎటో పోయింది. ఆమే అడిగింది.

"ఛాతీ కోసి ఊపిరితిత్తి తీసేస్తారాండీ? చర్చిలో పాట ఎత్తుకునేది నేనే."

"గడ్డ నాళం గోడలోకి దిగలేదమ్మా. మత్తిచ్చి, నోట్లోంచి గొట్టం పంపి, సన్నటి తీగ ఉచ్చు బిగించి కరెంటుతో కోసేస్తాం. పైన గాటు కూడా ఉండదు. కానీ ఏళ్ళ తరబడి వచ్చి చూపించుకోవాలి. మళ్ళీ పెరిగితే మాత్రం పెద్ద ఆపరేషనే."

"వస్తానండి. ఈయనుంటాడుగా తోడు, పుస్తకం పట్టుకుని."

గడ్డ తీసిన రోజు బయట పుస్తకం పట్టుకునే కూర్చున్నాను. ఒక్క పేజీ తిప్పలేదు. మెలకువ వచ్చాక ఆమె గొంతు బొంగురుగా ఉంది. వీపుకు చెవి ఆనించాను. ఈల లేదు.

కొన్ని వారాల తర్వాత ఇంట్లో పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తూ పాట అందుకుంది. మధ్యలో దగ్గింది. నేను పరుగున వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను.

"ఊరుకోవయ్యా. నువ్వూ దగ్గుతున్నావుగా. ఇది మిరపకాయదే" అని, పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.