చెరువులో పడిన బీరకాయ

మండవల్లి దగ్గర మా చేపల చెరువు గట్టు మీదే కాపురమున్న రోజుల్లో, పిల్లలిద్దరూ కూరగాయ ముట్టేవారు కాదు. బీరకాయలో రొయ్యలు వేసి వండితే, రొయ్యలు ఏరుకుని ముక్కలు పక్కకు నెట్టేవారు.

ఒక వారం పళ్లాలు ఖాళీగా వచ్చాయి. దారిలో పడ్డారని మురిసిపోయాను.

శనివారం మా ఆయన గట్టు మీంచి వచ్చి, "చేపలకి బీరకాయ కూర నువ్వే వేస్తున్నావా? నీళ్ల మీద ముక్కలు తేలుతున్నాయి" అన్నారు.

ఒళ్లు మండింది. మర్నాడు చర్చి నుంచి రాగానే ఆ చెరువులోని, ఆకూ అలమూ తినే గడ్డిచేపనే పులుసు పెట్టాను. ఇద్దరూ మారు వడ్డించుకుని తిన్నారు.

"మీరు పారబోసిన బీరకాయే ఈ చేప తిని పెరిగింది" అన్నాను.

చిన్నది వేళ్లు నాకుతూ, "అయితే అమ్మా, బీరకాయని రోజూ ఇలాగే వండు" అంది.