కుచ్చుకు నాలుగు చుట్లు

రైసూత్‌లోని కుట్టు ఫ్యాక్టరీలో నా పని కుచ్చులు కట్టడం. ఒమాన్ మగవాళ్లు తొడుక్కునే పొడవాటి అంగీకి, దిష్‌దాషాకు, మెడ దగ్గర దారాల కుచ్చు ఒకటి వేలాడుతుంది. దానికి అత్తరు రాసుకుంటారు. తొమ్మిదేళ్లు నేను కట్టినవి అవే. మా సూపర్‌వైజర్ దాన్ని తోక పని అనేవాడు. కొత్తగా ఎవరొచ్చినా నా వైపు వేలు చూపించి, "ఇతనిది తోక పని" అని పరిచయం చేసేవాడు. నవ్వినవాళ్లు ఎవరెవరో కూడా నాకు గుర్తుంది.

అందరూ కుచ్చుకు మూడు చుట్లు చుట్టేవారు. నేను నాలుగు చుట్టేవాణ్ణి. దారం చుట్టడం నేను మా ఆవిడ బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆమె బీడీకి నాలుగు చుట్లు వేసేది. ఆ అలవాటు చేతికి అలాగే ఉండిపోయింది.

తొంభైల మధ్యలో మా పక్కనున్న ఓడరేవులోనే, బయటి దేశాల్లో కుట్టి మడతపెట్టిన దిష్‌దాషాలు పెట్టెలకు పెట్టెలు దిగడం మొదలైంది. మా వాటికన్నా చవక. మొదట ఒక షిఫ్ట్ తీసేశారు. తర్వాత గేటుకు తాళం వేశారు. మాతో పనిచేసిన ఒమానీలకు ప్రభుత్వం వేరే పని నేర్పిస్తుందని, నేర్చుకున్నన్నాళ్లూ ఎంతో కొంత ఇస్తుందని నోటీసు అంటించారు. మన దేశం నుంచి వచ్చిన మా సంగతి అందులో లేదు. మమ్మల్ని ఇంటికి పంపేస్తారని కొందరన్నారు. బయటి సరుకు వల్లే పని పోయిందని రుజువైతే వేరే కంపెనీకి మారడానికి 'రిలీజ్' కాగితం ఇస్తారని మరికొందరన్నారు. ఏది నిజమో చెప్పగలిగినవాడు రైసూత్‌లో ఒక్కడూ లేడు.

నాకు ఆ కాగితం కావాలి. మా ఆవిడ చేత బీడీలు మాన్పించి రెండేళ్లే అయింది. నేను తిరిగి వెళితే ఆమె మళ్లీ చేట ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి.

కార్మిక కార్యాలయంలో నా దరఖాస్తు తీసుకున్న అధికారి హిందీ బాగానే మాట్లాడాడు.

"బయటి సరుకు వల్లే నీ పని పోయిందనడానికి రుజువేది?"

ఆయన మెడ వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది.

"రుజువు మీ మెడలోనే ఉంది సార్."

పక్క కుర్చీలో రాసుకుంటున్న గుమాస్తా తలెత్తాడు.

"ఏమన్నావు?"

"అది బయటినుంచి వచ్చిన కుచ్చు సార్. చుట్టు కింద జిగురుంటుంది. చేత్తో కట్టినదానికి జిగురుండదు."

అధికారి గోటితో గీకి చూసుకున్నాడు. పక్కవాడు తన మెడ తడుముకుని, "మరి నాది?" అని అడిగాడు.

"మీదీ అంతే సార్."

పక్కవాడు నవ్వాడు. అధికారి నవ్వలేదు. "సరే, నువ్వు కట్టేది ఎలా ఉంటుందో రేపు తీసుకురా" అన్నాడు.

రూమ్‌లో మా జిల్లావాళ్లే ఇద్దరుండేవారు. సంగతి చెబితే చిన్నవాడు మంచం మీద పడి నవ్వాడు.

"అన్నా, సారు మెడల చెయ్యి వెట్టచ్చినవ్ గదనే! నీకు రిలీజ్ గాదు, టికెట్ ఇస్తరు."

పెద్దవాడు, "నువ్వాగు తమ్మీ. గది లంచం. మంచిగ అత్తరు పూసి తీస్కపో" అన్నాడు.

"లంచం అయితే కుచ్చడుగుతడా? పరీక్ష వెడుతుండు. అన్నకు పని అస్తదో రాదో సూత్తడు."

లంచమైతే నేను ఇవ్వను. పరీక్షైతే ఇవ్వక తప్పదు. ఏదో తేలక అత్తరు పూయకుండా కట్టాను, నాలుగు చుట్లు.

మర్నాడు అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. నా దరఖాస్తు మూలకు పిన్నుతో గుచ్చి, "ఖలాస్, అయిపోయింది, వారం తర్వాత రా" అన్నాడు.

వారం తర్వాత ముద్ర వేసిన కాగితం ఇచ్చాడు. అరబ్బీ చదవగలిగిన టీ కొట్టాయన చూసి, వేరే కంపెనీకి మారవచ్చని రాసుందన్నాడు. నా పని పేరు ఏమని రాశారని అడిగాను. "కూలీ, సైట్ పని" అన్నాడు. తొమ్మిదేళ్ల పనికి ఆ కాగితంలో తోక అన్న మాటైనా లేదు.

అయినా నా కుచ్చు నాకు రావాలి కదా. రుజువు కోసం పెట్టుకున్నారు, రుజువైంది, తిరిగి ఇచ్చేయాలి. అదే అడగడానికి మళ్లీ వెళ్లాను. గుమాస్తా విసుక్కుంటూనే ఫైలు తీశాడు. దరఖాస్తు మూల పిన్ను గుచ్చిన రెండు చిల్లులున్నాయి. అంతే.

"ఇందులో ఏమీ లేదు. కాగితం తీసుకున్నావు కదా, ఇంకేం కావాలి?"

అప్పుడే అధికారి వరండాలో వస్తున్నాడు. మెడలో కుచ్చు ఉంది. నడుస్తున్న మనిషి మెడలో చుట్లు లెక్కపెట్టడం తేలిక కాదు. నాలుగున్నట్టే కనిపించింది. ఆయన నా ముందు ఆగాడు.

"ఇంకేం పని?"

రిలీజ్ కాగితం నా జేబులో ఉంది. కొత్త కంపెనీవాళ్లు దాని మీద ఇంకా సంతకం పెట్టలేదు.

"ఏం లేదు సార్" అన్నాను.

ఆ తొమ్మిదేళ్లలో మెస్సులో అన్నం పలుకుగా ఉందని ఫిర్యాదు రాశాను. బస్సు పది నిమిషాలు ఆలస్యమైందని రాశాను. సూపర్‌వైజర్ మీద మూడుసార్లు రాశాను. అక్కడినుంచి మాత్రం నోరు మూసుకుని బయటికి వచ్చాను. నాకు ఆ కాగితం ఫ్యాక్టరీ మూతపడినందుకు దొరికిందా, నాలుగు చుట్ల దారానికి దొరికిందా? రూలు ప్రకారం ఇచ్చారనుకుంటే నా కుచ్చు నాకు బాకీ. కుచ్చు కోసం ఇచ్చారనుకుంటే, నాలాగే కాగితం కోసం తలుపు బయట కూర్చున్న మిగతావాళ్లు ఏం పట్టుకురావాలి?

సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు మా ఆవిడకు ఇదంతా చెప్పాను. చేట అటకమీదే ఉంది. ఆమె చివరిదాకా విని ఒక్కటే అడిగింది.

"ముడి గట్టిగ ఏసినవా?"

"గట్టిగనే ఏసిన."

"అయితే ఊడదులే" అంది. ఇప్పుడు ఆ కుచ్చు నాదో ఆయనదో ఆమె కూడా చెప్పలేదు.