మూడు రోజులు చూడండి

“మా వాడు ఏమీ తినడం లేదు మేడమ్.”

ఆ గదిలోకి వచ్చిన తల్లి ఎవరైనా మొదట అనే మాట ఇదే. పిల్లల డాక్టరమ్మ జవాబు చెప్పకుండా ఆ తిననివాణ్ని బరువు చూసే బల్ల మీద కూర్చోబెడుతుంది. ముల్లు హాయిగా ముందుకు సాగుతుంది.

“పోయిన నెలకంటే పెరిగాడే. గాలి భోంచేస్తున్నట్టున్నాడు.”

తల్లి నవ్వుతుంది. నవ్వడం అయిపోయాక, “కానీ తినడు మేడమ్,” అంటుంది మళ్లీ.

అప్పుడు డాక్టరమ్మ పిల్లాడి చెయ్యి పట్టుకుని, పిడికిలి మూయించి చూపిస్తుంది. “వీడి పొట్ట ఇంతే. మీ పళ్లెం కొలతతో వీడికి పెట్టకండి. ఫోన్ చూపిస్తూ నోట్లో కుక్కకండి. ఆకలేస్తే వీడే ఇల్లు పీకి పందిరేస్తాడు.”

ఈ మాటలు ఇప్పటికి ఎన్నిసార్లు అందో ఆమెకే తెలీదు. పొద్దున ఒకసారి మొదలుపెడితే అవి వాటంతట అవే నడిచిపోతాయి. కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికురాలిలా ఆమె వాటి వెనక ఎటో చూస్తూ ఉండిపోతుంది.

ఆసుపత్రి మేడ మీద. కింద కుట్టుమిషన్ల కొట్టు. వాన మొదలవబోయి ఆగినట్టు, రోజంతా నేల కిందనుంచి సన్నటి చప్పుడు వస్తూ ఉంటుంది. పైన ఒక చూసే గది, దాని పక్కన రెండు మంచాల చిన్న గది, బయట బెంచీల హాలు. హాలు గోడ మీద ఎప్పుడో ఏనుగు బొమ్మ వేయించింది. పిల్లల చేతులు అందినంత మేరా రంగు లేచిపోయి ఇప్పుడు దానికి కాళ్లు లేవు. మేఘంలా గోడ మీద తేలుతూ ఉంటుంది.

మొదట్లో ఆమె ఇలా ఉండేది కాదు. ఒక్కో తల్లికీ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పేది. వేలు చీకే పిల్ల వేలికి కారం రాయకండి, నిద్రలోకి దిగడానికి దాని మెట్టు అదే అనేది. పక్క తడిపేవాణ్ని నలుగురిలో అనకండి, నిద్రలో జరిగినదానికి వాడు మెలకువలో సిగ్గుపడాలా అనేది. కింద పడి దొర్లే పిల్లతో పాటు మీరూ దొర్లకండి, పక్కన కూర్చోండి, అలిసిపోయి అదే మీ ఒళ్లోకి వస్తుంది అనేది. తల్లులు వినేవాళ్లు. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి వచ్చి, ఆ మాటలు విని వెళ్లిపోయేది.

తరవాత బెంచీలు నిండాయి. వరస హాలు దాటి మెట్ల మీదికి వచ్చింది. ఆమె మాటలు పొదుపు చేసుకోవడం నేర్చుకుంది. ముందు బొమ్మలు పోయాయి. తరవాత కారణాలు పోయాయి. చివరికి ఒక్కో జబ్బుకీ రెండేసి వాక్యాలు మిగిలాయి, వాడగా వాడగా అరిగిన సబ్బుముక్కల్లా. ఏ వాక్యం ఎప్పుడు చేతిలోంచి జారి నీళ్లలో కలిసిపోయిందో ఆమె గమనించలేదు. ఇంటికి వెళ్లేసరికి గొంతు పలికేది కాదు. భర్త ఏదైనా అడిగితే తల ఊపేది. “ఊళ్లోవాళ్లకి మాటలూ, నాకు తలకాయా,” అనేవాడాయన పళ్లాలు సర్దుతూ.

థర్మామీటరమ్మ అని ఒక తల్లికి పేరు పెట్టింది సిస్టరు. హాల్లో టోకెన్లు ఇచ్చేదీ, సూదులు వేసేదీ, ఏడ్చేవాళ్లని నవ్వించేదీ, నవ్వేవాళ్లని కసిరేదీ ఈ సిస్టరే. థర్మామీటరమ్మకి ఒక్కడే కొడుకు, రెండేళ్లు ఇంకా నిండలేదు. వాడు తుమ్మితే వచ్చేది. తుమ్మకపోతే, ఎందుకు తుమ్మడం లేదో కనుక్కోవడానికి వచ్చేది అని సిస్టరు వెటకారం.

పోయిన చలికాలంలో ఒక సాయంత్రం వచ్చింది. హాలు కిక్కిరిసి ఉంది. గుమ్మంలో ఎవరి పిల్లాడో కక్కుకుంటే తుడిచే మనిషి ఇంకా రాలేదు. డాక్టరమ్మ పొద్దున్నుంచి లేచింది లేదు. థర్మామీటరమ్మ ఒళ్లో కొడుకు స్టెతస్కోపు గొట్టం పట్టుకుని లాగుతూ కిలకిలా నవ్వుతున్నాడు. తల్లి మాత్రం రైళ్ల వేళలు చదివినట్టు చదువుతోంది.

“పొద్దున తొంభైతొమ్మిది మేడమ్. మధ్యాహ్నం నూటొకటి. ఆటోలో నూరు.”

“ఆటోలో కూడా పెట్టారా?”

“కుదుపులకి సరిగ్గా రాలేదేమోనని రెండుసార్లు పెట్టాను మేడమ్.”

ఇంకో రోజైతే డాక్టరమ్మ నవ్వి ఉండేది. ఆ రోజు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“చూడమ్మా. పిల్లలన్నాక జ్వరాలొస్తాయి. మందు పట్టండి, ఒళ్లు తుడవండి, మూడు రోజులు చూడండి. ఆ తరవాతే రండి. ప్రతిదానికీ పరిగెత్తుకొచ్చి, నిజంగా జబ్బు చేసిన పిల్లల మధ్య వీణ్ని కూర్చోబెట్టి, లేని జబ్బు అంటిస్తున్నది మీరే.”

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ చివరి మాటకి తల్లి మొహం చిన్నబోయింది. కొడుకు చేతిలోంచి గొట్టం మెల్లగా విడిపించి, “సరే మేడమ్,” అని లేచింది.

తరవాత ఆమె రావడం మానేసింది.

“మన థర్మామీటరమ్మ బొత్తిగా నల్లపూస అయిపోయింది మేడమ్,” అంది సిస్టరు కొన్నాళ్లకి. “మీరు వేసిన మందు బాగా పట్టింది.”

డాక్టరమ్మకి లోపల ఎక్కడో తేలిగ్గా అనిపించింది. ఒక్క తల్లికైనా ధైర్యం నేర్పాననుకుంది. మెట్ల మీది వరసలో ఒక మనిషి తగ్గింది కదా అని కూడా అనుకుంది. ఆ రెండో ఆలోచన కాస్త సిగ్గుగా వచ్చి, సిగ్గుగానే పోయింది.

వానలు మొదలయ్యాయి. వానలతోపాటు వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం గొంతు మంటపుట్టి, వేడినీళ్ల కోసం డాక్టరమ్మ తనే హాల్లోకి వచ్చింది. తడిసిన గొడుగుల వాసన. చివరి బెంచీలో, గోడకి ఆనుకుని, టోకెన్ చేత్తో పట్టుకుని థర్మామీటరమ్మ కూర్చుని ఉంది. పక్కన ఆమె అత్తగారు, ఒళ్లో సంచి. డాక్టరమ్మని చూసి కోడలు చిన్నగా నవ్వింది, బుద్ధిగా ఉన్నాను చూడండి అన్నట్టు. భుజం మీద పిల్లాడు పడుకుని ఉన్నాడు. వాడి పాదం ఒకటి కిందికి వేలాడుతోంది.

ఆ హాల్లో ప్రతి పాదమూ ఏదో ఒకటి చేస్తోంది. తన్నుతోంది, ఊగుతోంది, చెప్పు విసిరేస్తోంది. ఆ ఒక్క పాదమే ఏమీ చెయ్యడం లేదు.

డాక్టరమ్మ గ్లాసు కిటికీలో పెట్టి దగ్గరికి వచ్చింది.

“వచ్చి ఎంతసేపైంది?”

“చాలాసేపైంది మేడమ్. పర్లేదు, ముందు ఇంకా కొందరున్నారు.”

పాదం పట్టుకుంటే రాతి మెట్టులా చల్లగా ఉంది. డాక్టరమ్మ పిల్లాణ్ని తన భుజం మీదికి తీసుకుని చిన్న గదిలోకి నడిచింది. సిస్టరు ఒకసారి ఆమె మొహం చూసింది, ఏమీ అడగకుండా ఫోన్ చేస్తూనే వెనకే వచ్చేసింది.

కళ్లు లోపలికి పోయాయి. నాలుక ఎండిపోయి ఉంది. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలితే, నలిగిన గుడ్డ మడతలా అలాగే నిలబడింది. సూది దగ్గరికి వచ్చేసరికి ఏడవడానికి నోరు తెరిచాడు గానీ చప్పుడు రాలేదు, కన్నీళ్లూ రాలేదు.

“అంబులెన్సుకి చెప్పండి సిస్టర్. సెలైన్ తియ్యండి.”

“చెప్పాను మేడమ్. వానకి రోడ్డంతా ఆగిపోయిందట. వస్తున్నారు.”

ఎడమ చెయ్యి మీద నరం దొరికినట్టే దొరికి జారిపోయింది. కుడి చెయ్యి మీద అసలు కనిపించనే లేదు. నీళ్లు ఇంకిపోయిన ఒంట్లో నరాలు దారాల్లా ముడుచుకుని దాక్కుంటాయి. డాక్టరమ్మ ఆ చల్లటి పాదాన్ని రెండు చేతుల మధ్య పెట్టి రుద్దుతూ, తలుపు దగ్గర నిలబడ్డ తల్లిని అడిగింది.

“ఎప్పటినుంచి?”

“మొన్నటినుంచి మేడమ్. ఇవాళ్టికి మూడు రోజులు. అందుకే తీసుకొచ్చాను.”

సిస్టరు చేతిలో దూది ఆగింది.

“ఉచ్చ ఎప్పుడు పోశాడు?”

“నిన్న పొద్దున కొంచెం. విరేచనాలవుతున్నాయి కదా, అందులోనే పోతోందేమో అనుకున్నా. జ్వరం పెద్దగా లేదు మేడమ్. నూరు కూడా దాటలేదు. రాత్రినుంచి నిద్రపోతూనే ఉన్నాడు. పడుకుంటే మంచిదేలే అనుకున్నా.”

“నేను చెబుతూనే ఉన్నాను డాక్టరమ్మా,” అంది అత్తగారు వెనకనుంచి. “నిన్నే పోదాం పదవే అన్నాను. ఇంకా మూడు రోజులు కాలేదత్తయ్యా, డాక్టరమ్మ కోప్పడుతుంది అంది. మా వీధిలో నేను నోరు తెరిస్తే కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి. నా మాట వినలేదు, మీ మాట విన్నది.”

డాక్టరమ్మ ఇంకా రుద్దుతూనే ఉంది. పాదం మీద నీలంగా సన్నటి గీత ఒకటి తేలింది. ఊపిరి బిగబట్టి సూది పెట్టింది. గొట్టంలోకి ఎర్రగా ఒక చుక్క వచ్చింది.

“ఉంది. సెలైన్ వదలండి, తొందరగా వదలండి.”

ఆ తరవాత చెయ్యాల్సింది చూస్తూ కూర్చోవడమే. డాక్టరమ్మ మంచం అంచున కూర్చుని పిల్లాడి మణికట్టు పట్టుకుంది. వేలికింద నాడి పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది, ఉందో లేదో అన్నట్టు. కింద కుట్టుమిషన్లు నడుస్తున్నాయి. బయట హాల్లో గొణుగుడు మొదలైంది.

“మాకూ పనులున్నాయండీ,” అన్నాడెవరో.

“ఉండటం మంచిదే బాబూ,” అంది సిస్టరు తలుపు సందులోంచి. “చేసుకుని రండి. మేం ఎక్కడికీ పోం.”

తల్లి గోడ పక్కన నేల మీద కూర్చుండిపోయింది. ఏడవడం లేదు. కొడుకు మొహం వంక చూస్తోందంతే.

“చలికాలంలో నేను మీకేం చెప్పాను?” అడిగింది డాక్టరమ్మ, చెయ్యి తియ్యకుండా.

తల్లి తడుముకోకుండా అప్పజెప్పింది. “పిల్లలన్నాక జ్వరాలొస్తాయి. మందు పట్టండి, ఒళ్లు తుడవండి, మూడు రోజులు చూడండి. ఆ తరవాతే రండి.”

ఒక్క మాట పొల్లుపోలేదు. ఆ గొంతులో తన విసుగు కూడా ఉన్నదున్నట్టు వినిపించింది డాక్టరమ్మకి. ఎప్పుడు ఆగకూడదో కూడా చివర్లో వస్తుందేమోనని ఇంకొక్క క్షణం ఆగింది. ఏమీ రాలేదు. చెప్పి ఉంటేగా రావడానికి.

రెండో సీసా సగానికి వచ్చింది. నాడి మెల్లగా వేలికి ఆనడం మొదలుపెట్టింది. సిస్టరు పక్కదుప్పటి సర్దబోయి, “అయ్యో, తడిపేశాడు మేడమ్. మీ చీర కూడా,” అంది.

డాక్టరమ్మ కిందికి చూసుకుంది. మోకాలి మీద వెచ్చగా మరక పాకుతోంది. లేవలేదు. కళ్లు మూసుకుని ఆ వెచ్చదనం తడిసినంత మేరా తడవనిచ్చింది. అత్తగారు పైట చెంగుతో మూతి తుడుచుకుని, “పోయ్ నాయనా, పోయ్, అందర్నీ తడుపు,” అంది. పిల్లాడు కళ్లు తెరిచి, సెలైన్ గొట్టం చూసి, దాన్ని పట్టుకుని లాగబోయాడు. సిస్టరు వాడి చెయ్యి మీద ఉత్తుత్తిగా ఒకటి వేసింది. వాడు ఏడ్చాడు. ఈసారి చప్పుడు వచ్చింది.

“ఇలా రామ్మా, ఇక్కడ కూర్చో,” అంది డాక్టరమ్మ. తల్లి వచ్చి మంచం మీద కూర్చున్నాక చెప్పింది. “చూడాల్సింది అంకెని కాదు, పిల్లాణ్ని. ఆడుతున్నాడా, తాగుతున్నాడా, ఉచ్చ పోస్తున్నాడా. ఈ మూడూ బాగుంటేనే మూడు రోజులు. ఏ ఒక్కటి తగ్గినా మూడు గంటలు కూడా ఆగొద్దు. లేపితే లేవకపోతే అది నిద్ర కాదు. వాంతులూ విరేచనాలూ అయితే ఓఆర్‌ఎస్ నీళ్లు చెంచాతో గుక్క గుక్కగా పట్టండి. అవీ నిలవకపోతే పరిగెత్తుకు రండి. టోకెన్ లేదు, వరస లేదు. నేను విసుక్కున్నా సరే, రండి.”

“మీరు విసుక్కుంటే భయమేస్తుంది మేడమ్.”

“అక్కడే వచ్చింది చిక్కంతా,” అంది అత్తగారు.

తల్లి నిష్ఠూరం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. “ఇది అప్పుడే చెప్పొచ్చు కదా మేడమ్?”

“చెప్పాలి,” అంది డాక్టరమ్మ. “చెప్పలేదు.”

అంబులెన్సు వచ్చింది. ఈ రాత్రికి పెద్దాసుపత్రిలో ఉంచడం మంచిదని అక్కడి డాక్టరుకి ఫోన్ చేసి చెప్పింది. సీసా ఎత్తి పట్టుకుని సిస్టరు ముందూ, పిల్లాడితో తల్లి వెనకా, మెట్ల మీదివాళ్లందరికీ దారిమ్మని చెప్పుకుంటూ అత్తగారూ దిగిపోయారు. వాన వెలిసింది. డాక్టరమ్మ తడిసిన కుచ్చిళ్లు పిండుకుని, కుర్చీలో కూర్చుని, చేతులు బల్ల మీద పెట్టుకుంది. బయట ఎంతమంది ఉన్నారో చూడాలనిపించలేదు.

తరవాతి టోకెన్ ఒక తండ్రిది. భుజం మీద మూడేళ్ల పిల్ల. ఒళ్లు వెచ్చగా ఉంది, ముక్కు కారుతోంది, తండ్రి జేబులోని పెన్ను లాగి మూత కొరుకుతోంది. డాక్టరమ్మ గొంతు చూసింది, చెవులు చూసింది, ఊపిరి విన్నది.

“మామూలు జలుబు జ్వరమే. మందు రాస్తున్నాను. మూడు రోజులు చూడండి,” అంది.

“థాంక్యూ మేడమ్.” తండ్రి అప్పటికే లేచి, పిల్లని ఎత్తుకుని, చెప్పుల్లో కాలు దూర్చేశాడు.

ఆమె గొంతు మండుతోంది. పిల్ల నిక్షేపంగా ఉంది. ఈ ఒక్కరికీ వదిలేస్తే ఏమీ కాదు, నిజంగానే ఏమీ కాదు.

“కూర్చోండి,” అంది డాక్టరమ్మ. “ఇంకా అవలేదు.”

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. “ఎంతసేపు పడుతుంది మేడమ్? కింద బండి అడ్డంగా పెట్టొచ్చాను.”

“ఎంతోసేపు పట్టదు,” అంది ఆమె, కళ్లద్దాలు పెట్టుకుంటూ. “పాప పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఉచ్చ పోసిందో చెప్పండి ముందు.”