మట్టిగోడ మీద అరచేయి

అరబ్బు దేశంలో, జహ్రా ఊళ్లో నేను పనిచేసిన ఇంటి యజమానురాలిని మేము మామా అని పిలిచేవాళ్లం. ఆ ఇంట్లో వంట చేసే అక్కది రాయచోటి పక్క పల్లె. ఊళ్లో మట్టి తొక్కి గోడలు పెట్టిన మనిషి. ఏ గోడ కనిపించినా అరచేత్తో తట్టి చూసేది. సిమెంటుదైతే, “దీనికి ఊపిరి లేదు మేయ్” అనేది నాతో.

ఒక శుక్రవారం మామా తన చుట్టాలకు పాత మట్టికోట చూపించబోతూ, సంచులు మోయడానికి మమ్మల్నీ తీసుకుపోయింది. గేటు దగ్గర “మీరిక్కడే కూర్చోండి” అంది. నేను కూర్చున్నాను. అక్క సంచులు నా పక్కన పెట్టి లోపలికి నడిచింది.

“అక్కా, నిన్ను ఊరికి పంపిచ్చాది.”

“పంపనీ. ఇంతదూరం వచ్చి మన పని చూడకుండా పోతానా?”

కాసేపటికి మామా అరుపు వినిపించి సంచులతోనే లోపలికి పరుగెత్తాను. అక్క గోడకు అరచేయి ఆనించి నిలబడి ఉంది.

“చెప్తే వినవా? రేపే టికెట్ తీస్తా, ఖలాస్” అంటోంది మామా.

అక్క చెయ్యి తీయలేదు. తనకొచ్చిన అరబ్బీలోనే జవాబు చెప్పింది. “తియ్యి మామా. గేటు కాడ కూర్చోని కట్టింది కాదు ఈ గోడ. నాలాంటోళ్లు కాళ్లతో మట్టి తొక్కి కట్టినారు.”

వారంలోపే ఆమెను పంపేశారు. కారెక్కేముందు ఆ ఇంటి సిమెంటు ప్రహరీని ఒకసారి తట్టి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

తర్వాత కొన్నాళ్లకు మామా ఇంకొందరు చుట్టాలను కోటకు తీసుకుపోయింది. గేటు దగ్గర నన్ను కూర్చోమంది. నేను సంచులు కింద పెట్టి లోపలికి నడిచాను.