పాయింటు పక్కన సున్న

నేను అక్షరాలు నేర్చుకున్నది ముప్పై ఎనిమిదో ఏట. దేవుడి పుస్తకం చదువుకోవడానికి కాదు, ఎవరి ఉత్తరమో చదువుకోవడానికీ కాదు. వాన లెక్క రాయడానికి.

మా ఆయన తాలూకా కచ్చేరీలో బంట్రోతు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో ఉంది ఆ ఊరు. పేరు చెప్పను. కచ్చేరీ ఆవరణలోనే వెనకవైపు ఒక గది మాకిచ్చారు. వాన కొలవడం ఆయన పనుల్లో ఒకటి. చిన్న కంచె మధ్య నేలలో పాతిన రాగి డబ్బా ఉండేది. రోజూ ఉదయం ఎనిమిది గంటలకు దానిలో చేరిన నీళ్లను గాజు గ్లాసులో పోసి, ఎన్ని గీతల దాకా వచ్చాయో పుస్తకంలో రాయాలి. ఒక్కో గీత అంగుళంలో నూరో వంతు, దాన్నే సెంటు అనేవారు. అంకెల్లో ఒకసారి, పక్కనే మాటల్లో ఒకసారి రాయాలి. గుమాస్తా అది చూసి చిత్తూరుకు తంతి పంపేవాడు.

యుద్ధం రోజుల్లో మా ఆయన కళ్లకు పొర కమ్మింది. మనుషుల్ని గొంతును బట్టి గుర్తుపట్టేవాడు. కాగితాల కట్టలు మోయడానికి, గంట కొట్టడానికి అలవాటు చాలు. గ్లాసు మీది సన్న గీతల దగ్గరే చిక్కు. పింఛనుకు ఇంకా రెండేళ్లుంది. కళ్లు కనబడవని తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తారని, అన్నేళ్ల చాకిరీకి చేతిలో ఏమీ పెట్టరని ఆయన భయం. నాదీ అదే భయం. పక్కింట్లో ఉండే మిషను బడి టీచరమ్మ దగ్గర మధ్యాహ్నాలు పలక పట్టాను. ఆవరణ ఊడ్చేది ఎటూ నేనే కాబట్టి కంచె దగ్గర నన్ను చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు.

గుమాస్తా ఒక్కడే కనిపెట్టాడు. నలభై దాటిన మనిషి, నిదానస్తుడు. ఒక ఉదయం నేను గ్లాసు కంటికెదురుగా పట్టుకుని ఉండగా వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, గీతలు నువ్వు ఎంచతా ఉండావా?"

పక్కన పుస్తకం పట్టుకుని నిలబడ్డ మా ఆయన అందుకున్నాడు. "అయ్యా, నా కండ్లు..."

"నీ కండ్ల సంగతి నాకు ఆర్నెల్ల నుంచి తెలుసులేబ్బా. మొన్న తాసిల్దారుకు పెట్టాల్సిన దండం గోడకుండే కోటుకు పెట్టినావు." ఆ తర్వాత పుస్తకం వైపు వంగాడు. "ఇదేందమ్మా, పాయింటు ఇరవై మూడు అని రాసినావు?"

"ఇరవై మూడు గీతలుండాయి కదయ్యా."

"సెంట్లని రాస్తే ఇరవై మూడు. పాయింటు అని రాస్తే, దాని పక్కనుండే అంకెల్ని ఒక్కొక్కటే పిలవాల. పాయింటు రెండు మూడు. పాయింటుకు ముందరుండేది మాత్రం మామూలుగా సదువుకో. పన్నెండుంటే పన్నెండే."

"మూడు గీతలే వస్తే?"

"పాయింటు సున్న మూడు."

"ఏమీ లేనిదానికి సున్న ఎందుకయ్యా?"

"పెండ్లి పంక్తిలో ఆకు ఏసినారు, మనిషి రాలేదు. ఆకు తీసేస్తే ఏమైతాది? పక్కనోడు ముందుకు జరుగుతాడు. నీ మూడు అట్ల జరిగిందంటే ముప్పై సెంట్లయి కూర్చుంటాది. ఆకు అట్లే ఉండనీ."

ఆ తర్వాత వీలైనప్పుడల్లా ఆయన నా చేత ఒక లెక్క చదివించి పోయేవాడు. ఒకటి పాయింటు సున్న ఏడు. సున్న పాయింటు నాలుగు నాలుగు. తప్పు చెబితే, "పంక్తిలో ఎవర్నో లేపినావు" అనేవాడు. మా సంగతి ఎవరికీ చెప్పలేదు. బయటపడితే తెలిసీ దాచినందుకు ఆయనకూ మాట వచ్చేది.

రెండో ఏడు వానలు ఎగ్గొట్టాయి. వేరుశెనగ చేలోనే మాడిపోయింది. రైతులు శిస్తు తగ్గించమని అర్జీలు పెట్టుకున్నారు. అందుకని చిత్తూరులో ప్రతి చినుకుకూ లెక్క చూస్తున్నారు. చాన్నాళ్లకు ఒక తెల్లవారుజామున కాస్త జల్లు పడింది. గ్లాసులో ఐదు గీతలు. నేను చుక్క పెట్టి పక్కన ఐదు వేశాను. మాటల్లో 'పాయింటు ఐదు' అని రాశాను. తొందరేమీ లేదు, ఎవరూ పిలవలేదు. అంత తెలిసీ ఆ సున్న ఎందుకు వదిలేశానో ఈ రోజుకూ చెప్పలేను. గుమాస్తా ముందురోజు రేణిగుంటలో చుట్టాలింటికి పోయి, ఆ ఉదయం నేరుగా కచ్చేరీకి వచ్చాడు. ఊళ్లో ఎంత కురిసిందో ఆయన చూడలేదు. నా రాతను నమ్మి యాభై సెంట్లని తంతి పంపాడు.

కొన్ని రోజులకు చిత్తూరు నుంచి ప్రశ్న వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో చినుకులు పడితే ఇక్కడ అరంగుళం ఎట్లా కురిసిందని. మర్నాడు ఒక ఆఫీసరు వచ్చి పుస్తకం చూస్తాడని మా ఆయన అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

"రాసిందెవురని అడిగితే ఏం సెప్పేది మే?"

నేను ఆయన కంచంలో మజ్జిగ పోశాను. ఆయన తిరిగి కచ్చేరీకి పోగానే మా గదిలో వాన గ్లాసు దాచే పెట్టిలోంచి పుస్తకం తీశాను. కొత్తగా నేర్చినదాన్ని కదా, మాటకూ మాటకూ మధ్య చాలా చోటు వదిలేదాన్ని. చుక్కకూ ఐదుకూ మధ్య సున్న హాయిగా పట్టింది. మాటల్లో 'సున్న' కాస్త ఇరుకైంది. సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను. పుస్తకంలో ఐదు సెంట్లుండి తంతిలో యాభై ఉంటే తప్పు ఎవరి నెత్తిన పడుతుందో అప్పుడు నాకు తట్టలేదని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. తట్టింది. సిరా ఆరకముందే తట్టింది. పుస్తకం మూసి పెట్టిలో పెట్టేశాను.

మర్నాడు కచ్చేరీ వరండాలో కుండలకు నీళ్లు పోస్తూ కిటికీలోంచి విన్నాను.

"పుస్తకంలో సున్న ఐదు. తంతిలో యాభై. ఏమయ్యా, మధ్యలో సున్నను ఎవరు తిన్నారు?" అన్నాడు ఆఫీసరు.

గుమాస్తా పుస్తకం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నీళ్లు కలిపిన పాత సిరా వెలిసిపోయింది. నా సున్న ఒక్కటే నల్లగా ఉంది. ఆయన తల ఎత్తి కిటికీలోంచి నన్ను చూశాడు. తలుపు పక్కన మా ఆయన చేతులు కట్టుకుని, ఎవరూ లేని వైపుకు తిరిగి నిలబడి ఉన్నాడు.

"నేనే సరిగా చూసుకోలేదండి," అన్నాడు గుమాస్తా.

"సర్వీసు ఎంత?"

"పద్దెనిమిదేండ్లండి."

"పద్దెనిమిదేళ్లకూ పాయింటు చదవడం రాలేదు. నీకంటే ఈ బంట్రోతు నయం. అంకెల్లో తేడా రాకుండా మాటల్లో కూడా రాశాడు."

లోపల ఎవరో నవ్వారు.

తంతిని సరిచేశారు. రైతులకు నష్టం రాలేదు. గుమాస్తాకు రావలసిన హెడ్డు గుమాస్తా పని మాత్రం ఇంకొకరికి పోయింది. ఆయన్ను కాళహస్తికి మార్చారు.

సామాను కడుతుండగా వాళ్లింటికి పోయాను. ఆయన భార్య పీట వేసింది. నేను కూర్చోలేదు.

"అయ్యా, ఆ సున్న..."

"సూసినాలే. రానురాను గుండ్రంగా రాస్తా ఉండావు." ఆ మాట అన్నాడే గానీ నవ్వలేదు. భార్యను మంచినీళ్లకు లోపలికి పంపాడు. "ఇప్పుడు నువ్వు నోరిప్పితే ఆయప్ప పింఛను పోతాది. అది చేతికి రానీ. వచ్చినాక జరిగింది జరిగినట్టు ఒక కాగితం మింద రాసి నాకు పంపు. అది సూపించి పైవాళ్లను అడుక్కుంటా. రాసేది వచ్చు కదా నీకు."

"రాస్తానయ్యా. కొండ మింద సామి సాక్షి."

పింఛను వచ్చింది. కచ్చేరీ గది వదిలి అదే ఊళ్లో అద్దె ఇంటికి మారాం. మొదటి నెల, కాగితం పంపితే పింఛను ఆపేస్తారేమో అనుకున్నాను. తర్వాత, మద్రాసులో కంటి ఆపరేషను అయ్యేదాకా ఆగుదామనుకున్నాను. అదీ అయింది. ఒక కంటికి చూపు బాగా వచ్చింది. మా ఆయన నేను రాసిన చాకలి పద్దును ఎండలో పట్టుకుని చూసి, "బాగుండాది మే నీ రాత" అన్నాడు. ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ ఎండాకాలం కాళహస్తి నుంచి కచ్చేరీకి పని మీద వచ్చిన ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"మా గుమాస్తాయన అడగమన్నాడమ్మా. ఆయమ్మకు కాగితం దొరికిందా అని. అంతే సెప్పినాడు."

గూట్లో, ఆ వచ్చినాయనకు కనబడేంత దగ్గర్లో, అరదస్తా తెల్ల కాగితాలున్నాయి. నేను గూటికి అడ్డంగా జరిగాను.

"ఇంకా దొరకలేదని సెప్పు నాయనా."

"ఈ యుద్ధంలో కాగితం యాడ దొరుకుతాదిలేమ్మా," అని జాలిపడి ఆయన బస్సుకు పోయాడు. మళ్లీ ఎవరూ అడగలేదు.